కొండ పాదాన కొలువైన ఉగ్రమూర్తులు

దేవుడు కొండపై ఉంటాడు. భక్తుడు మెట్లెక్కి, మొక్కు చెల్లించి, దర్శనభాగ్యం పొంది దిగివస్తాడు. తిరుమల, సింహాచలం, యాదగిరిగుట్ట... తెలుగువారికి అలవాటైన యాత్రాక్రమం ఇదే. కర్ణాటకలోని సావనదుర్గలో ఈ క్రమం తారుమారవుతుంది. అక్కడ నరసింహస్వామి, వీరభద్రస్వామి కొండ పాదానే కొలువుదీరి ఉన్నారు. పైన ఉన్నది నగ్నశిల, విశాలమైన ఆకాశం, ఒక చిన్న నంది మంటపం. ముందుగా స్వామి ఎదుట తల వంచి, ఆ తరువాతే తలెత్తి శిఖరం వైపు చూడాలి. అరణ్యం గుండా సాగే ఆ చిన్న కొండయాత్రకు సిద్ధమయ్యేవారు గ్రహించవలసిన మొదటి విషయం ఇదే.

250 కోట్ల ఏళ్ల శిల

బెంగళూరుకు పడమరగా, మాగడి తాలూకాలో వెలసిన సావనదుర్గ సముద్రమట్టానికి 1226 మీటర్ల ఎత్తున ఉంది. ఆసియాలోని అతి పెద్ద ఏకశిలా పర్వతాలలో దీనిని ఒకటిగా పరిగణిస్తారు. ఇక్కడ జంటకొండలున్నాయి. ఒకటి కరిగుడ్డ, మరొకటి బిళిగుడ్డ. కన్నడంలో 'కరి' అంటే నలుపు, 'బిళి' అంటే తెలుపు. యాత్రికులు సాధారణంగా అధిరోహించేది కరిగుడ్డనే.

ఈ ప్రాంతపు నల్లరాతి పట్టీని భూగర్భ శాస్త్రవేత్తలు క్లోజ్‌పేట గ్రానైట్ అని వ్యవహరిస్తారు. క్లోజ్‌పేట అన్నది నేటి రామనగర పట్టణానికి పూర్వనామం. భూగర్భంలో కరిగి గడ్డకట్టిన ఈ శిల వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. పైనున్న పొరలు యుగయుగాలుగా అరిగిపోగా, బరువు తగ్గిన శిల ఉల్లిపొరల వలె విచ్చుకుంటూ వచ్చింది. ఆ కారణంగానే కొండకు ఈ నున్నని గుండ్రటి రూపం ఏర్పడింది. వాననీరు జారిన దారులు దాని ఒంటిమీద నల్లని చారలుగా నిలిచిపోయాయి. మనిషి చేతి ఉలి తాకకుండానే ప్రకృతి చెక్కిన మహాలింగంలా ఈ కొండ దర్శనమిస్తుంది.

చరిత్రలోనూ సావనదుర్గకు స్థానముంది. మాగడి కెంపేగౌడ వంశీయులకు ఇది దుర్గంగా ఉండేది. ఆ వంశపు ప్రభువు పేరిట తెలుగులో 'గంగాగౌరీవిలాసం' అనే యక్షగానం ఉండడం మనకు ఆనందం కలిగించే విశేషం. 1728లో మైసూరు పాలకుల వశమైన ఈ దుర్గాన్ని, 1791 డిసెంబరులో కారన్‌వాలిస్ సేనలు పట్టుకున్నాయి. దుర్భేద్యమని పేరుపొందిన కోట అలా చేతులు మారింది. దాని శిథిల ప్రాకారాలు నేటికీ దారిలో కనిపిస్తాయి.

ఇద్దరు స్వాములు, ఒకే బోధ

కొండ పాదాన ఈ ఇద్దరు మూర్తులే ఎందుకు కొలువుదీరారని ఆలోచిస్తే ఒక చక్కని అర్థం స్ఫురిస్తుంది. ఆహ్వానం లేని యజ్ఞంలో సతీదేవి ఆత్మాహుతి చేసుకోగా, పరమశివుని జటాజూటం నుంచి ఆవిర్భవించినవాడు వీరభద్రుడు. దక్షుని అహంకారాన్ని అణచినవాడాయన. ప్రహ్లాదుని మాట నిలపడానికి స్తంభం నుంచి వెలువడినవాడు నరసింహుడు. తనను మించినవాడు లేడన్న హిరణ్యకశిపుని గర్వాన్ని చీల్చినవాడాయన. ఒకరు శివాంశ, మరొకరు విష్ణ్వవతారం. ఇద్దరి అవతరణకూ కారణం ఒక్కటే: మితిమీరిన అహం.

'ఎక్కి తీరతాను' అన్న పంతంతో వచ్చేవానికి ఈ ఇద్దరి సన్నిధిలోనే మొదటి పాఠం లభిస్తుంది. అహాన్ని కింద విడిచినవానికే కొండ దారి ఇస్తుంది. మన లేపాక్షిలోనూ వీరభద్రస్వామి కూర్మశైలమనే శిలాపీఠంపైనే వెలసి ఉన్నాడు. రాతికీ, ఈ స్వామికీ ఉన్న అనుబంధం తెలుగు భక్తులకు కొత్తది కాదు.

మధ్యలో మరలిన రోజు

కొన్నేళ్ల క్రితం ఒక శ్రావణమాసపు ఉదయం మా కుటుంబం ఈ కొండకు వెళ్లింది. మోకాళ్ల నొప్పుల వల్ల నాన్నగారు ఆలయం వద్దే ఆగిపోయారు. పిల్లలతో మేము శిథిల ప్రాకారం వరకు చేరుకునేసరికి పడమట మబ్బు కమ్మింది. శిఖరం కళ్లెదుటే ఉంది. మరో అరగంట చాలుననిపించింది. వెనుదిరగడానికి మనసొప్పలేదు. పిల్లలు కంటతడి పెట్టారు. అయినా దిగడం ప్రారంభించాము. సగం దూరం రాకముందే చినుకులు మొదలయ్యాయి. ఎక్కేటప్పుడు నిశ్చింతగా నడిచిన రాయి మీదే కూర్చుని, చేతులు ఆనించి దిగవలసి వచ్చింది. శిఖరం దాకా వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నేటికీ ఒళ్లు జలదరిస్తుంది. కిందికి చేరేసరికి నాన్నగారు ప్రదక్షిణలు ముగించుకుని, ప్రసాదంతో మాకోసం ఎదురుచూస్తున్నారు. కొండ ఎక్కని ఆయన యాత్రే మాకంటే ముందు పూర్తయిందని ఆనాడు తెలిసింది.

యాత్రకు ముందు సంకల్పం

వ్రతానికి నియమాలున్నట్లే కొండయాత్రకూ ఉన్నాయి.

కాలనియమం మొదటిది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన సమయం. వానాకాలంలో శిలపై నాచు పట్టి జారుతుంది. ముఖ్యంగా ఆ నల్లని చారలు తడిసినప్పుడు అడుగు నిలవదు. వేసవిలో మధ్యాహ్నానికి రాయి పెనంలా కాలుతుంది. ఉదయాన్నే స్వామి దర్శనం ముగించుకుని నడక ప్రారంభించాలి. ఎక్కడానికి సాధారణంగా గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఏ వేళకు ఎక్కడున్నా వెనుదిరగాలో కిందనే నిశ్చయించుకోవాలి. మబ్బు పడితే అంతకు ముందే మరలాలి.

రెండవది దేహనియమం. పాదరక్షలు లేకుండా ఎక్కడమే భక్తి అని కొందరు భావిస్తారు. ఆలయంలో అది విధి. ఏటవాలు శిలపై మాత్రం పట్టున్న బూట్లే శ్రేయస్కరం. మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు, తేలికైన ఆహారం వెంట ఉండాలి. చేతులు ఖాళీగా ఉండేలా సామానంతా వీపు సంచిలో సర్దుకోవాలి. గుండెజబ్బు, కీళ్లనొప్పులు ఉన్నవారు, పసిపిల్లల తల్లులు ఆలయం వద్దే ఉండి ధ్యానం, ప్రదక్షిణ చేసుకోవచ్చు. వారికి దక్కనిదంటూ ఏదీ లేదు. స్వామి వారి చెంతనే ఉన్నాడు.

మూడవది సంఘనియమం. ఒంటరిగా వెళ్లరాదు. గుర్తుల దారిని విడిచి అడ్డదారులు తొక్కరాదు. అంచుల వద్ద ఫొటోల కోసం నిలబడరాదు. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి అడుగే అందరికీ కొలత కావాలి.

అడవి కూడా ఆలయమే

కొండ చుట్టూ అటవీశాఖ సంరక్షణలోని అరణ్యం ఉంది. చిరుమాను, తుమ్మ వంటి మెట్ట చెట్లు, పొదలు ఇక్కడ పెరుగుతాయి. దక్షిణాది రాతికొండల్లో మాత్రమే నివసించే పసుపుగొంతు పికిలిపిట్టకు ఇది ఆవాసం. చిరుతలు, ఎలుగుబంట్లు సంచరించే నేల కనుక చీకటి పడేలోగా బయటపడాలి.

కొండపై కర్పూరం, అగరువత్తులు వెలిగించరాదు. ఎండిన గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. కోతులకు ప్రసాదం పెట్టడం పుణ్యమనిపించినా, అది వాటికి మనుషులపై ఎగబడే అలవాటు నేర్పుతుంది. తీసుకెళ్లిన ప్రతి కవరునూ, సీసానూ తిరిగి తెచ్చుకోవాలి. గర్భగుడిలో చెత్త వేయనివారు స్వామి నిలిచిన కొండపై ఎలా వేయగలరు?

శిఖరాన నంది మంటపం వద్దకు చేరితే దూరాన అర్కావతి నదిపై మంచనబెలె జలాశయం మెరుస్తూ కనిపిస్తుంది. చేరితే ధన్యులం. చేరలేకపోయినా ధన్యులమే. ఎక్కేముందు ఎవరికి మొక్కామో, దిగివచ్చాక మళ్లీ ఆయన చెంతకే చేరుకుంటాం. క్షేమంగా తిరిగివచ్చి ఆ గడప వద్ద రెండోసారి తల వంచినప్పుడే సావనదుర్గ యాత్ర సంపూర్ణమవుతుంది.

ఎలా వెళ్లాలి?

బెంగళూరు నుంచి మాగడి రోడ్డు మీదుగా సుమారు 60 కిలోమీటర్ల ప్రయాణం. బస్సులో మాగడి చేరుకుని, అక్కడి నుంచి స్థానిక వాహనాల్లో కొండ పాదానికి వెళ్లవచ్చు. అటవీశాఖ అనుమతులు, రుసుముల నిబంధనలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందే విచారించుకోవాలి. మాగడిలోని రంగనాథస్వామి ఆలయాన్ని కూడా ఇదే యాత్రలో దర్శించుకోవచ్చు. వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహ జయంతి. ఆనాడు స్వామి దర్శనానికి ప్రాధాన్యమిచ్చి, కొండ ఎక్కడాన్ని చల్లని మాసాలకు వాయిదా వేసుకోవడం మేలు.