అడవిపంది కత్తి – కొలిమిలోని శాస్త్రం



1539లో స్పెయిన్ దండనాయకుడు డి సోటో పందులను వెంటబెట్టుకుని అమెరికాలోని ఫ్లోరిడాలో దిగాడు. అలా వచ్చినవాటిలో తప్పించుకున్నవి అడవిపాలయ్యాయి. నేడు టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో అవి పంటలను నాశనం చేస్తున్నాయి. అక్కడ వాటి వేటకు చట్టం ఒప్పుకుంటుంది. కుక్కలు పందిని నిలేస్తే వేటగాడు కత్తితో పొడుస్తాడు. అందుకే ఆ కత్తికి మొన సూదిగా, చెయ్యి అంచు మీదికి జారకుండా పిడి ముందు అడ్డు ఉంటాయి.

చేత్తో చేసే ఇలాంటి కత్తులకు 5160 అనే ఉక్కు పేరుపొందింది. అది వాహనాల కమాను పట్టీల ఉక్కే! మన ఊరి కమ్మరి పాత లారీ పట్టీతో కత్తులు సాగగొట్టడం మనం చూసిందే. ఇందులో సుమారు 0.6 శాతం కార్బన్, కొంచెం క్రోమియం ఉంటాయి. సుమారు 770 డిగ్రీలకు కాలిన ఉక్కు అయస్కాంతానికి అంటదు. ఇంకొంచెం కాల్చి నూనెలో ముంచితే కార్బన్ లోపలే చిక్కుకుని ఉక్కు గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. మళ్లీ సుమారు 200 డిగ్రీల వద్ద వేడిచేస్తే పెళుసుదనం తగ్గుతుంది, పదును నిలుస్తుంది.

మన దేశంలో మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని వేటాడటం నేరం. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం ఇంకా ప్రమాదం. దానికి మనుషులూ బలయ్యారు.

వేట వద్దు గానీ కొలిమి విద్య గొప్పది. థర్మామీటరు లేకుండానే కమ్మరి రంగు చూసి వేడి చెబుతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నేను తరగతిలో నేర్చింది ఆయన చేతికి ముందే తెలుసు. కనుక దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్నచోట మన కలం ఆగకూడదు.