సిద్ధాంత వ్యాసం

తత్త్వశాస్త్రంలో డాక్టరేట్ పొందగోరే విద్యార్థి సిద్ధాంత వ్యాసం రాయాలి. ఒక ప్రశ్నను ఎన్నుకొని, పూర్వులు చెప్పినది చదివి, తన సమాధానాన్ని కారణాలతో నిరూపించాలి. దానిని ఆచార్యులు పరీక్షిస్తారు.

అమెరికాలో మేరీ కాల్కిన్స్ హార్వర్డ్ విశ్వవిద్యాలయ తత్త్వశాస్త్ర ఆచార్యుల వద్ద ఇట్లాంటి పరిశోధన చేసింది. మనస్తత్వశాస్త్రం అప్పుడు తత్త్వశాస్త్రంలో భాగమే. ఒక తలపు మరొక తలపును ఎట్లా గుర్తుకు తెస్తుంది? ఇదే ఆమె ప్రశ్న. రంగులను అంకెలతో జతచేసి చూపి, ఏది గుర్తుంటుందో పరీక్షించింది. 1895లో ఆచార్యులు ఆమె డాక్టరేట్‌కు అర్హురాలని తేల్చారు. అయినా స్త్రీ అన్న కారణంతో హార్వర్డ్ పట్టా ఇవ్వలేదు. 1902లో రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాల పట్టా ఇవ్వజూపింది. తాను చదివినది హార్వర్డ్‌లోనని చెప్పి ఆమె దానిని నిరాకరించింది.

1918లో ఆమె అమెరికా తత్త్వశాస్త్ర సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయింది. జ్ఞాపకశక్తిని పరిశోధించేవారు ఆమె పద్ధతిని నేటికీ వాడుతున్నారు.