ఇల్లు ఎక్కడ కురుస్తుంది?

పిల్లలూ! భూపాలపల్లి జిల్లా టేకుమట్లలో మీ తాతగారికి పెంకుటిల్లు ఉన్నదనుకోండి. కప్పు వాలుగా ఉంటుంది గనక వాన నీరు జారిపోతుంది. పక్కనే మీ కొత్త డాబా. అది చదును. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల డాబాపై ఒక్క సెంటీమీటరు నీరు నిలిస్తే దాని బరువెంతో తెలుసా? 1,000 కిలోలు!

డాబాపై రబ్బరు పట్టా పరిచే పద్ధతి 1960ల నుంచి అమెరికా, ఐరోపాలలో వ్యాపించింది. రబ్బరులోంచి నీరు దిగదు. మరి పట్టా పరిచిన ఇల్లు కూడా ఎందుకు కురుస్తుంది?

సైకిలు షాపులో పంక్చరు వేయటం చూశారు గదా! ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, సొల్యూషను పూసి, అది కాస్త ఆరాకనే అతుకు వేస్తారు. తొందరపడితే అతుకు లేచిపోతుంది. డాబా మీదా అంతే. దుమ్ముపై అంటించిన పట్టా ఊడుతుంది. తడి ఆరని స్లాబుపై పరిస్తే, ఎండకు ఆ తడి ఆవిరై పట్టా బొబ్బలెక్కుతుంది. పిట్టగోడ మూలలో బిగలాగి అంటిస్తే, పట్టా ముడుచుకున్నప్పుడు అక్కడే పైకి లేస్తుంది.

చిత్రమేమంటే, నీరు ఒకచోట దూరి, పట్టా కిందనే పాకి, మరోచోట కారుతుంది. అలా దిగిన నీటికి స్లాబులోని ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి. పెచ్చులు ఊడి పడతాయి, కింద ఎవరు పడుకున్నా సరే!

అందుచేత తెలిసిన మేస్త్రీ చినుకు పడే చోటికి నేరుగా పైన వెతకడు. పల్లపు వైపు నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెం భాగాన నీళ్ళు పోసుకుంటూ వస్తాడు. మీలో ఒకరు లోపల నిలబడి, చినుకు పడగానే కేక వేయాలి.