లక్ష రూపాయి బిళ్లల బరువెంత?

దారిలో రూపాయి బిళ్ల కనిపించింది. ఎవరిదో తెలియదు. వంగి తీసుకున్నారు. నేరమా? కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 403వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో అచ్చంగా ఇదే ఉంది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ వచ్చింది; దారిలో దొరికిన ఆ రూపాయి కూడా కొత్త చట్టంలోకి నడిచొచ్చింది. అదే పర్సు దొరికి, అది ఎవరిదో తెలిసే ఆధారం అందులో ఉన్నా సొంతదారుకోసం వెతక్కుండా వాడుకుంటే మాత్రం నేరమే. కాబట్టి దొరికిన చిల్లరతో నలుగురికి మేలు చేద్దామనుకునేవారు చట్టం గురించి బెంగపడక్కర్లేదు. చూసుకోవాల్సింది లెక్క.

ఈ పనిని పెద్దయెత్తున చేసి చూపించినవాళ్లు న్యూయార్క్ బడిపిల్లలు. 1991లో అక్కడ ‘పెన్నీ హార్వెస్ట్’ అనే కార్యక్రమం మొదలైంది. సొరుగుల్లో, సీసాల్లో, సోఫా సందుల్లో పడివున్న ఒక్క సెంటు నాణేలను పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసేవారు. ఆ డబ్బు ఏ సేవకు వెళ్లాలో కూడా వాళ్లే కూర్చుని తేల్చేవారు. 2007 చివర్లో అలా వచ్చిన పది కోట్ల నాణేలను రాక్‌ఫెల్లర్ సెంటర్ ఆవరణలో పరిచి చూపించారు. పది కోట్ల నాణేలు, విలువ కడితే పది లక్షల డాలర్లు. 1982 తర్వాత వచ్చిన సెంటు బరువు 2.5 గ్రాములు, అంతకు ముందుది 3.11 గ్రాములు. అన్నీ తేలికవే అనుకున్నా మొత్తం 250 టన్నులు. పది టన్నుల లారీలు పాతిక కావాలి.

ఆ సెంటు కథ కూడా ముగిసింది. 2024లో ఒక్కో సెంటు తయారీకి అమెరికా ప్రభుత్వానికి 3.69 సెంట్లు ఖర్చయింది. 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణికోసం చివరి సెంటు కొట్టారు.

వెతకాల్సిన పనే లేకుండా చిల్లర పోగయ్యే చోటు విమానాశ్రయం. తనిఖీ దగ్గర జేబులు ఖాళీచేసి ట్రేలో వేస్తారు, హడావిడిలో మరిచిపోయి వెళ్తారు. అమెరికా విమానాశ్రయాల్లో ఇలా మిగిలిపోయిన సొమ్ము 2018 ఆర్థిక సంవత్సరంలో 9,60,105 డాలర్లు. పెద్ద మొత్తమే. కానీ ఆ ఏడాది తనిఖీ దాటిన ప్రయాణికులు సుమారు 80 కోట్లు. అంటే వెయ్యిమంది కలిసి మరిచిపోయింది ఒక డాలరూ ఇరవై సెంట్లు! ఈ సొమ్ము దానానికి వెళ్లదు; తనిఖీ సంస్థే భద్రత ఖర్చులకు వాడుకోవచ్చని చట్టం. సైనికులకోసం విమానాశ్రయాల్లో విశ్రాంతి గదులు నడిపే స్వచ్ఛంద సంస్థలకు దాన్ని ఇవ్వాలని 2013 డిసెంబరులో ప్రతినిధుల సభ ఒక బిల్లును ఆమోదించింది. అది చట్టం కాలేదు. ఇచ్చినవాడికి తెలియకుండా వచ్చిన డబ్బు సేవకే వెళ్లాలని నా పక్షపాతం.

రోమ్‌లో అలాగే వెళ్తోంది. ట్రెవీ ఫౌంటెన్‌లోకి పర్యాటకులు కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా విసిరే నాణేలు ఏడాదికి దాదాపు 15 లక్షల యూరోలు, అంటే రోజుకు నాలుగు వేలు. అవి కారితాస్ అనే కాథలిక్ సేవాసంస్థకు చేరతాయి. మనం కూడా గోదావరి వంతెన దాటేటప్పుడు రైలు కిటికీలోంచి బిళ్లలు వేస్తాం. అవి తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలో వెతుక్కునేవాళ్లకే. రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఉక్కువి కాబట్టి అంటుకుంటాయి. నికెల్, ఇత్తడి కలిసిన అయిదు రూపాయల బిళ్ల అంటుకోదు.

ఇక మన సొంత లెక్క. 2011 నమూనా రూపాయి బిళ్ల 3.79 గ్రాములు, 2019 నమూనాది 3.09. లక్ష రూపాయలను పాత బిళ్లల్లో పోగుచేస్తే 379 కిలోలు, కొత్తవాటిలో 309. అదే లక్ష పది రూపాయల బిళ్లల్లో అయితే 77 కిలోలు. ఇరవై రూపాయల బిళ్లల్లో 43 కిలోలు దాటదు. 2018లో సమాచార హక్కు కింద వెల్లడైన లెక్క ప్రకారం రూపాయి బిళ్ల తయారీకి 1.11 రూపాయలు ఖర్చయ్యేది, పది రూపాయల బిళ్లకు 5.54. రూపాయి బిళ్లను దాచిపెడితే ముందుగా నష్టపోయేది ప్రభుత్వమే.

మోయడం ఒక ఎత్తు, లెక్కపెట్టడం ఇంకో ఎత్తు. బిళ్లకు ఒక్క సెకను చొప్పున ఆగకుండా లెక్కపెట్టినా లక్ష బిళ్లలకు దాదాపు 28 గంటలు. రోజుకు ఎనిమిది గంటల కూలి 600 అనుకుంటే రెండు వేలు దాటుతుంది, నూటికి రెండు రూపాయలు అక్కడే పోతాయి. అమెరికా సూపర్‌మార్కెట్లలో చిల్లర లెక్కపెట్టే యంత్రాలైతే పదో వంతుకు పైగా పట్టుకుంటాయి. ఉచితంగా కూర్చుని లెక్కపెట్టేవాళ్లు దొరికితేనే చిల్లర గిట్టుబాటు. తిరుమల పరకామణిలో సేవకు వచ్చే భక్తులను తలుచుకోండి.

మరి చిన్నబిళ్లలతో ఏం సాధించగలం? 500 మంది పిల్లలున్న బడిలో ఒక్కొక్కరు వారానికి అయిదు రూపాయి బిళ్లలు తెస్తే, 40 వారాల్లో లక్ష రూపాయలు. ఒక పిల్లవాడు వారానికి మోసేది 19 గ్రాములు. ఆ 379 కిలోలు ఎవరి భుజం మీదా బరువుగా పడవు. దొరికిన చిల్లరను సేవకు మళ్లించే పథకాలన్నిటికీ కిటుకు ఇదే: మనుషులు ఎక్కువమంది ఉండాలి, ఒక్కొక్కరి వాటా అతి తక్కువగా ఉండాలి. ఒక్కరే ఏడాదంతా రోడ్డు చూసుకుంటూ నడిచి పోగుచేసేది నెల పాల బిల్లుకైనా వస్తుందని నేననుకోను. పైగా యూపీఐ వచ్చాక రోడ్డు మీద పడే చిల్లరే తగ్గిపోయింది.

పోగయ్యాక బ్యాంకుకు వెళ్లాలి. అక్కడ ‘ఇన్ని తీసుకోం’ అంటే నమ్మకండి. 2011 నాణేల చట్టం ప్రకారం ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే బిళ్లలు చెల్లుతాయన్నది నిజమే. కానీ ఖాతాలో జమచేయడానికి రిజర్వు బ్యాంకు ఏ పరిమితీ పెట్టలేదు. వందేసి బిళ్లలు పాలిథిన్ సంచుల్లో కట్టి తెస్తే లెక్కించడం తేలికని చెప్పింది, అంతే. అర్ధరూపాయి ఇప్పటికీ చెల్లుతుంది. పావలా, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30తో పోయాయి. చాలా కొట్లలో ‘చెల్లదు’ అని తిప్పిపంపే పది రూపాయల బిళ్ల, అప్పటికి వచ్చిన 14 నమూనాల్లోనూ, చెల్లుతుందని 2018 జనవరిలోనే రిజర్వు బ్యాంకు ప్రకటించింది.

చిల్లర పోగుచేసే డబ్బా పెట్టాలనుకునేవారికి ఒక మాట. బిళ్లల మూటను నేరుగా సేవాసంస్థకు ఇవ్వకండి, లెక్కపెట్టే ఖర్చు వాళ్ల మీద పడుతుంది. రెండు వేలు దాటిన నగదు విరాళానికి, మీరు పాత పన్ను విధానంలో ఉన్నా, పన్ను మినహాయింపు రాదు. ఇంట్లోనే లెక్కపెట్టి, సంచులు కట్టి, మీ ఖాతాలో వేసి, అక్కడినుంచి సంస్థకు పంపి రసీదు తీసుకోండి.