వీరే నా పిల్లలు: నెల రోజులకే ముగిసిన తొలి పగటి ధారావాహిక

మధ్యాహ్న భోజనాలు ముగిశాక టెలివిజన్ ముందు కూర్చుని ధారావాహికలు చూడడం మన ఇళ్ళలో వింత కాదు. సరిహద్దు ప్రాంతాల వారమైన మనకు తెలుగు సీరియల్ ముగిసిన వెంటనే కన్నడమో, తమిళమో, ఒడియానో మరొకటి సిద్ధంగా ఉంటుంది. ఈ అలవాటుకు బీజం వేసిన తొలి ప్రయత్నాలలో ఒకటి నెల రోజులకే మూతపడిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

అది 1949 నాటి మాట. అమెరికాలోని షికాగో నగరంలో ఎన్.బి.సి. సంస్థ వారి టెలివిజన్ కేంద్రం అప్పుడే ప్రారంభమైంది. తూర్పు తీరపు నగరాలను షికాగోతో కలిపే టెలివిజన్ తీగ మార్గం కూడా అదే జనవరిలో అందుబాటులోకి వచ్చింది. ఆ నెల 31వ తేదీ నుండి ‘దీజ్ ఆర్ మై చిల్డ్రన్’ అనే ధారావాహిక ఆరంభమైంది. ‘వీరే నా పిల్లలు’ అని దాని అర్థం. సోమవారం మొదలు శుక్రవారం వరకు రోజుకు పదిహేను నిమిషాలు, న్యూయార్క్ కాలమానం ప్రకారం సాయంత్రం 5 గంటలకు, నేరుగా ప్రసారమయ్యేది. అమెరికా నెట్‌వర్క్ టెలివిజన్‌లో పగటిపూట వచ్చిన మొదటి ధారావాహికగా సాధారణంగా దీనినే పేర్కొంటారు. 1946లో డ్యుమాంట్ సంస్థ ప్రసారం చేసిన ‘ఫారవే హిల్’ దీనికి ముందే వచ్చినా, అది వారానికొకసారి రాత్రిపూట వచ్చేది. అందులోని కథానాయిక కూడా భర్తను పోగొట్టుకున్న స్త్రీయే కావడం గమనింపదగినది.

కథ చిన్నది. హెనెహన్ అనే ఐరిష్ వంశపు వితంతువు అద్దెకు గదులు, పూటకు భోజనం ఇచ్చే ఇల్లు నడుపుతూ ముగ్గురు బిడ్డల బాగోగులు చూసుకుంటుంది. కొత్తగా వచ్చిన కోడలి సమస్యలు కూడా ఆమెవే. మన భాషలో చెప్పాలంటే ఆమె ఒక పూటకూళ్ళమ్మ. ఆ మాట వినగానే తెలుగువారికి ‘కన్యాశుల్కం’ గుర్తుకు రాక మానదు. అయితే గురజాడ వారి నాటకంలో పూటకూళ్ళమ్మ కథకు ఒక పక్కన ఉంటుంది. ఇక్కడ ఆమెయే ఇంటికి మూలస్తంభం. ఆమెను ఎవరూ అశుభంగా చూడరు. కష్టం వచ్చిన ప్రతివారూ ఆమె వంటింటికే వస్తారు.

ఈ తల్లి కేవలం కల్పన కాదు. రచయిత్రి ఇర్నా ఫిలిప్స్ 1901లో షికాగోలో ఒక పెద్ద కుటుంబంలో కడగొట్టు బిడ్డగా జన్మించారు. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి మరణించగా, సంసారభారమంతా తల్లి మీద పడింది. ఇర్నా చదువుకుని కొంతకాలం ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో ఉపాధ్యాయినిగా పనిచేశారు. (మా వృత్తిలో ఉన్నవారు ఈ సంగతి కాస్త గర్వంగా చెప్పుకోవచ్చు.) ఆ తరువాత షికాగోలోని డబ్ల్యు.జి.ఎన్. రేడియో కేంద్రంలో చేరి, 1930లో ‘పెయింటెడ్ డ్రీమ్స్’ అనే ధారావాహిక రాశారు. అందులోనూ కేంద్రం వితంతువైన ఒక తల్లి. ఆ తల్లి పాత్రను ఇర్నాయే స్వయంగా పలికేవారు.

అక్కడ ఆమెకు ఒక గట్టి దెబ్బ తగిలింది. ఆ ధారావాహిక తనదని ఆమె, జీతమిచ్చి రాయించుకున్నాము గనుక తమదని కేంద్రం వారు వాదులాడుకున్నారు. వ్యాజ్యం న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఆమె ఓడిపోయారు. తన తల్లిని తలచుకుని సృష్టించిన పాత్ర తనది కాకుండా పోయింది. ఈలోగా 1932లో మరో కేంద్రంలో ‘టుడేస్ చిల్డ్రన్’ మొదలుపెట్టి, దాదాపు అదే తల్లిని మరో పేరుతో నిలబెట్టారు. ఆపై తన రచనల మీద హక్కు చేజారకుండా జాగ్రత్తపడ్డారు. 1949లో టెలివిజన్‌కు వచ్చిన హెనెహన్ అమ్మ ఈ వరుసలో మూడవది అనుకోవచ్చు.

మరి రేడియోలో అంతగా నిలిచిన తల్లి తెర మీద ఎందుకు నిలవలేదు?

రేడియో ధారావాహికకు చెవి ఒక్కటి చాలు. చేతులు అంట్లు తోముతున్నా, బట్టలు ఉతుకుతున్నా కథ నడిచిపోతుంది. సబ్బుల కంపెనీలు ఆ కార్యక్రమాలకు డబ్బు పెట్టి తమ సరుకు గురించి చెప్పించుకున్నది ఇందుకే. ‘సోప్ ఒపేరా’ అన్న పేరు వచ్చిందీ అందుకే. టెలివిజన్ కళ్ళను కూడా అడిగింది. ఇల్లాలు పని ఆపి తెర ముందు కూర్చుంటుందా అన్న అనుమానం ఆ రోజుల్లో చాలామందికి ఉండేది. ఇర్నాకు కూడా పగటి టెలివిజన్ మీద పెద్దగా ఉత్సాహం ఉండేది కాదు. పైగా అప్పటికి టెలివిజన్ ఉన్న ఇళ్ళే తక్కువ.

నటీనటుల అవస్థ వేరు. రేడియోలో కాగితం చేతిలో పట్టుకుని చదవవచ్చు. ఇక్కడ ప్రతి రోజూ కొత్త సంభాషణలు కంఠస్థం చేయాలి. తప్పు పలికితే దిద్దుకునే వీలు లేదు. వీడియో టేపు యంత్రాలు మార్కెట్లోకి వచ్చింది 1956లో. ఆఖరి నిమిషంలో మార్పులు జరిగేవి. దాంతో కెమెరాకు కనబడకుండా నల్లబల్ల మీద సంభాషణలు రాసి ఉంచితే, నటులు వాటివైపు చూస్తూ చదివారని ఆనాటి విమర్శకులు ఎత్తిచూపారు. పాఠం సిద్ధం చేసుకోని పంతులు బల్లవైపే తిరిగి చెప్పినట్లుగా ఉండి ఉంటుంది! ఇటువంటి కార్యక్రమం కంటే ఖాళీ తెర మేలన్నంత కటువుగా ఒక పత్రిక రాసింది. విమర్శలో నిజం లేకపోలేదు గాని, అది నాకు తొందరపాటుగానే తోస్తుంది. తప్పు కథలో కాదు, రేడియో కోసం పుట్టిన పద్ధతిని మార్చకుండా తెర మీదికి తేవడంలో ఉంది. దర్శకుడు నార్మన్ ఫెల్టన్ అసమర్థుడేమీ కాడు. తరువాతి కాలంలో ‘డాక్టర్ కిల్‌డేర్’ వంటి పేరున్న కార్యక్రమాల నిర్మాత ఆయనే.

సుమారు నెల రోజులకే ప్రసారం ఆగిపోయింది.

ఇర్నా మాత్రం ఆగలేదు. 1937 నుండి రేడియోలో వస్తున్న తన ‘గైడింగ్ లైట్’ను 1952లో టెలివిజన్‌కు తెచ్చారు. 1956 వరకు ఒకే కథను నటీనటులు తెర మీద ఒకసారి, రేడియోలో ఒకసారి నటించేవారు. అంటే పని ఆపలేని ఇల్లాలికి చెవి దారి మూసివేయలేదన్నమాట. ఆ ధారావాహిక 2009 దాకా సాగింది. ఆమె వద్ద పని నేర్చుకున్న విలియం బెల్, తన భార్యతో కలిసి 1987లో ‘ది బోల్డ్ అండ్ ది బ్యూటిఫుల్’ సృష్టించారు. 1990ల నాటి కేబుల్ రోజుల్లో స్టార్ ప్లస్‌లో అది మన దేశానికీ వచ్చింది.

వితంతువైన తల్లి కూడా తెర విడిచి పోలేదు. 1951 సెప్టెంబరులో సి.బి.ఎస్. వారు ఆరంభించిన ‘సెర్చ్ ఫర్ టుమారో’లో జోన్ అనే యువతి భర్త మొదటి కొద్ది వారాలలోనే మరణిస్తాడు. ఒక చిన్న కూతురితో మిగిలిన ఆమె, కాలక్రమంలో బాటసారులకు బస కల్పించే ‘మోటార్ హేవెన్’ నడుపుతుంది. ఇది ఇర్నా రచన కాదు. రాయ్ విన్సర్ సృష్టి. మేరీ స్టువార్ట్ అనే నటి ఆ పాత్రను 1986లో ధారావాహిక ముగిసే వరకు ముప్పై అయిదేళ్ళు ధరించింది. అదీ మొదట్లో రోజుకు పదిహేను నిమిషాల ప్రత్యక్ష ప్రసారమే. టేపు మీద చిత్రించడం తరువాత వచ్చింది. అయితే 1983 ఆగస్టు 4న ప్రసారం కావలసిన భాగం టేపు, దాని నకలు రెండూ కనిపించకుండా పోయాయి. ఆ రోజు నటీనటులు పాత రోజులలో వలెనే కెమెరా ముందు నిలబడి నేరుగా నటించారు.