నీళ్లు ఎక్కువైతే చచ్చిపోయే దేవగన్నేరు

కడియం: రెండు మూడు సెంట్లలో ఇల్లు కట్టుకున్నవారు వీధివైపు కాస్త చోటు మిగిలితే ఒక పూలచెట్టు వేయాలని ముచ్చటపడడం సహజం. వేసేముందు చెట్టు ఎంత పెరుగుతుందో ఆలోచించేవారు తక్కువ. తురాయి నాటితే నాలుగేళ్లలో కొమ్మలు కరెంటు తీగలను అందుకుంటాయి. రావి జాతి చెట్లయితే వేళ్లు ప్రహరీగోడను చీల్చుకుపోతాయి. చిన్న పెరటికి ఇమిడే చెట్లలో దేవగన్నేరును మించినది అరుదు.

కడియం, కడియపులంక నర్సరీలలో లావుపాటి మొదళ్లున్న దేవగన్నేర్లు కుండీలలో వరుసలు తీరి కనిపిస్తాయి. అంత చెట్టు కొనాలంటే చేతిలో సొమ్ము బాగానే ఉండాలి. అయితే ఈ చెట్టు కోసం సొమ్ము పెట్టి తీరవలసిన అవసరమేమీ లేదు. గుడి ఆవరణలోనో, తెలిసినవారి పెరట్లోనో ఉన్న చెట్టు నుంచి మూరెడు కొమ్మ అడిగి తెచ్చుకుంటే చాలు. తల్లిచెట్టు పువ్వు ఏ రంగో దీని పువ్వూ అదే రంగు. గింజ మొలకకు ఆ హామీ లేదు.

కొమ్మ విరిచిన రోజే పాతేయడం పలువురు చేసే పొరపాటు. ముదురు కొమ్మను మాఘ ఫాల్గుణాలలో కోసి, ఆకులు తీసేసి, నీడపట్టున వారం పది రోజులు పడేయాలి. కోసినచోట పాలు ఆరి, గట్టిపడిన తరువాతే ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో నాలుగంగుళాల లోతున నాటాలి. వేళ్లు పట్టడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. ఈలోగా పచ్చగా కనిపించడంలేదని బెంగపడి చెంబులకొద్దీ నీళ్లు పోస్తే మొదలు మెత్తబడి కుళ్లుతుంది. పెంచేవారి ప్రేమకే చచ్చే మొక్క ఇది.

డెల్టా నల్లమట్టిలో ఈ చిక్కు మరీ ఎక్కువ. శ్రావణ భాద్రపదాల ముసురుకు నీరు నిలిస్తే పెరిగిన చెట్టుకూ ముప్పే. అడుగు, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి, దానిమీద నాటడం మంచిది. ఎండ మాత్రం రోజుకు ఆరు గంటలైనా తగలాలి. నీడలో ఆకులే తప్ప పూలు రావు.

గుడి చెట్టుగా స్థిరపడిపోయిన దేవగన్నేరు నిజానికి పరదేశి. మెక్సికో, మధ్య అమెరికా దీని పుట్టిళ్లు. ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ప్లూమియర్ పేరుమీదుగా శాస్త్రంలో దీనిని ప్లుమేరియా అంటారు. రాత్రివేళ సువాసన చిమ్మి పురుగులను రప్పించుకుంటుంది గాని, పువ్వులో తేనె చుక్కైనా ఉండదు. పాపం, ఆ పురుగులు రోజూ మోసపోతాయి.

పూలు కొమ్మ చివరనే పూస్తాయి. ఎప్పుడుపడితే అప్పుడు చివళ్లు కత్తిరిస్తే ఆ ఏడు పూలు ఉండవు. శీతాకాలంలో ఆకు రాలి మోడుగా నిలిచినప్పుడే కత్తిరించాలి. చెట్టు ఎండిపోయిందని ఆ రోజుల్లో నరికేసినవారూ లేకపోలేదు. కారే పాలు కంట పడితే మంట, ఒంటికి తగిలితే దురద. పిల్లలను దూరంగా ఉంచాలి. వానల్లో ఆకు అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు; ఆ ఆకులను ఏరి తగులబెట్టాలి.

అంతపాటి చోటు కూడా లేనివారికి గరిటె ఆకారపు ఆకులతో, తెల్లపూలతో గుబురుగా పెరిగే రకం ఉంది. అది పెద్ద కుండీలోనూ పూస్తుంది. అడుగున నీరు పోయే రంధ్రం ఉందో లేదో చూసి మరీ కుండీ కొనాలి.