నల్ల తీగ అక్కడ ఫేజు.. ఇక్కడ న్యూట్రల్

ఇంటి ఆటోమేషన్ పాఠాల కూర్పులో పాటించాల్సిన పద్ధతులు

అమెరికాలోని ఇళ్ల వైరింగులో సాధారణంగా నల్ల తీగ ఫేజు, తెల్ల తీగ న్యూట్రల్. మన ఇళ్లలో వాడుక ఇందుకు భిన్నం. ఇక్కడ ఎరుపు, పసుపు, నీలం తీగలు ఫేజులు కాగా నల్ల తీగ న్యూట్రల్. స్మార్ట్ స్విచ్ బిగించుకునే విధానాన్ని అక్కడి వినియోగదారుడు తన ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాస్తే, దానిని ఇక్కడి కొత్తవాడు అక్షరాలా అనుసరిస్తే ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. రాసినవాడు తప్పు రాయలేదు. చదివినవాడు తప్పుగా అర్థం చేసుకోలేదు. ఆ పాఠం ఏ దేశపు వైరింగుకు వర్తిస్తుందో తెలిపే ఒక్క వాక్యం పైన లేకపోవడమే లోపం. వినియోగదారులే కలిసి రాసుకునే ప్రారంభ పాఠాలను పోగుచేయడం కన్నా క్రమంలో పెట్టడం ఎందుకు ముఖ్యమో ఈ ఉదాహరణ చాటుతోంది.

ఏమిటీ సాఫ్ట్‌వేర్?

ఇంట్లోని దీపాలు, ఫ్యాన్లు, నీటి మోటారు, తలుపు సెన్సరు వంటివాటిని ఒకేచోట నుంచి గమనిస్తూ, ముందుగా నిర్ణయించిన నిబంధన ప్రకారం నడిపించేదే ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్. సూర్యాస్తమయం కాగానే వరండా దీపం వెలగడం, ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోవడం ఇందుకు సులువైన ఉదాహరణలు. ఈ కోవలో కై క్రాయ్‌ట్సర్ 2010లో ప్రారంభించిన ఓపెన్‌హ్యాబ్, పౌలస్ స్కౌట్సెన్ 2013లో ప్రారంభించిన హోమ్ అసిస్టెంట్ పేరొందాయి. రెండూ ఉచితమే. వాటి ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, సవరించవచ్చు. 2024 ఏప్రిల్‌లో హోమ్ అసిస్టెంట్ బాధ్యతను స్విట్జర్లాండ్‌లో నెలకొల్పిన ఓపెన్ హోమ్ ఫౌండేషన్ స్వీకరించింది. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరుపైనా ఇది నడుస్తుంది. తగిన పరికరాలను ఎంచుకుంటే ఇంటర్నెట్ లేని సమయంలోనూ ఇంటి పనులు ఆగవు.

అధికారిక పుస్తకం ఉండగా ఇవెందుకు?

గిట్‌హబ్ సంస్థ 2024లో వెలువరించిన వార్షిక నివేదిక ప్రకారం హోమ్ అసిస్టెంట్ నిర్మాణంలో దాదాపు 21 వేల మంది పాలుపంచుకున్నారు. దీని అధికారిక వివరణలూ విస్తారంగానే ఉన్నాయి. అయితే అవి ఒక్కో భాగం ఏమి చేస్తుందో చెబుతాయి. కొత్తవాడి ప్రశ్న అది కాదు. ‘మా వరండా దీపం సాయంత్రం ఆరింటికి వెలగాలంటే మొదట ఏమి కొనాలి, తరువాత ఏమి నొక్కాలి’ అన్నదే అతని ప్రశ్న. నిపుణుడు తాను తొలినాళ్లలో ఎక్కడ తడబడ్డాడో మరచిపోతాడు. నిన్ననే నేర్చుకున్నవాడికి ఆ తడబాటు ఇంకా గుర్తుంటుంది. అందుకే వినియోగదారులు రాసే పాఠాలకు విలువ. హోమ్ అసిస్టెంట్ వాడుకరులు ఇలాంటి పాఠాలను ‘కుక్‌బుక్’ పేరిట ఒక సూచిక కిందకు చేర్చారు. వంటల పుస్తకంలో మాదిరిగా కావలసినవి, చేసే విధానం వరుసగా ఉండాలన్నది ఆ పేరులోని భావం.

నాలుగు రకాలు.. నాలుగు అరలు

వందలాది వ్యాసాలను ఒకేచోట కుప్ప పోస్తే కొత్తవాడికి ఒరిగేదేమీ లేదు. సాఫ్ట్‌వేర్ వివరణ గ్రంథాల కూర్పుపై డానియేలె ప్రోసిడా రూపొందించిన ‘డయాటాక్సిస్’ పద్ధతి ఇక్కడ అక్కరకు వస్తుంది. ఇందులో రచనలను నాలుగు రకాలుగా విభజిస్తారు. చేయిపట్టి నేర్పే పాఠం మొదటిది. ఒక నిర్దిష్టమైన పనిని పూర్తిచేయించే సూచనలు రెండోది. నిఘంటువులా వెతికి చూసుకునే సమాచారం మూడోది. ఎందుకు అలా జరుగుతుందో తెలిపే వివరణ నాలుగోది. ఈ నాలుగింటినీ ఒకే వ్యాసంలో కలిపితే చదివేవాడు దారి తప్పుతాడు. ‘మొదటి దీపాన్ని కలపడం’ అనే పాఠం మధ్యలో రేడియో తరంగాల శాస్త్రం రెండు పేజీలు ఉంటే అతను అక్కడే ఆగిపోతాడు.

కాబట్టి కూర్పునకు పూనుకునేవారు వ్యాసాలను కాక ముందుగా ప్రశ్నలను సేకరించాలి. ఏ కంప్యూటరు కావాలి, ఎలా ఎక్కించాలి, మొదటి పరికరాన్ని ఎలా కలపాలి, మొదటి నిబంధన ఎలా రాయాలి, బ్యాకప్ ఎలా తీయాలి, ఊరినుంచి ఎలా చూడాలి అన్న ఆరింటికి వరుసగా సమాధానాలు సిద్ధమైతే ప్రారంభ సంపుటం పూర్తయినట్లే. మిగిలినవి తరువాతి సంపుటాలకు వదలవచ్చు.

ప్రతి పాఠానికీ ఒకే మూస

పదిమంది రాసినా ఒకరు రాసినట్లుండాలంటే అందరికీ ఒకే మూస ఇవ్వాలి. శీర్షికలో చేయబోయే పని స్పష్టంగా ఉండాలి. దాని కిందనే ఏ వెర్షనుకు, ఏ దేశపు విద్యుత్తుకు వర్తిస్తుంది, చివరిసారి ఎప్పుడు సరిచూశారు అన్న మూడు వివరాలు ఉండాలి. అమెరికాలో ఇళ్లకు సాధారణంగా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటు కాగా మన దేశంలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆ తరువాత కావలసిన సామగ్రి, చేయాల్సిన మెట్లు, ప్రతి మెట్టు తరువాత తెరపై కనిపించాల్సిన ఫలితం, పొరపాటైతే వెనక్కి రావలసిన దారి ఉండాలి. స్విచ్‌బోర్డు విప్పవలసిన పాఠమైతే మెయిన్ ఆపాలని, తీగలో కరెంటు లేదని టెస్టరుతో నిర్ధారించుకోవాలని, ఆ పనిని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలని మొదటి వరుసలోనే హెచ్చరించాలి.

పాఠంలో చేర్చే తెర చిత్రాల్లో పాస్‌వర్డులు, ఇంటి చిరునామా కనిపించకుండా చూడాలి. రచన హక్కుల విషయం ముందే తేల్చుకోవాలి. హోమ్ అసిస్టెంట్ వెబ్‌సైటులోని రచనలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. మూలాన్ని పేర్కొని, అదే లైసెన్సు కింద, వ్యాపారేతర అవసరాలకు వాటిని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

నెలనెలా కాలదోషం

ఈ సాఫ్ట్‌వేర్ నెలకో కొత్త రూపంలో విడుదలవుతుంది. సాధారణంగా నెల మొదటి బుధవారం కొత్త వెర్షను వస్తుంది. 2020 డిసెంబరు నుంచి వెర్షనుకు ఏడాది, నెల అంకెలే పేరు. మార్పులు పేరు దగ్గరే ఆగవు. తొలినాళ్లలో హాస్ డాట్ ఐఓ అని పిలిచినదాని పేరును 2020 జనవరిలో మార్చారు. నిబంధనల్లో ‘సర్వీస్’ అన్న పదం 2024 ఆగస్టు వెర్షనులో ‘యాక్షన్’ అయింది. సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించే పద్ధతుల్లో కోర్, సూపర్‌వైజ్డ్ అనే రెండింటికి మద్దతు ఉపసంహరిస్తున్నట్లు 2025 మేలో ప్రకటించారు. పాత పాఠం పట్టుకున్న కొత్తవాడు తెరపై లేని మీటను గంటల తరబడి వెతుకుతాడు. తప్పు తనదేననుకుని చివరికి విరమించుకుంటాడు.

దీనికి విరుగుడు ఒక్కటే. ప్రతి పాఠానికీ ఒక సంరక్షకుడు ఉండాలి. రాసినవారే కానక్కరలేదు. కొత్త వెర్షను రాగానే తన పాఠాన్ని ఒకసారి చేసి చూసి, తేదీ మార్చడమే అతని పని. ఏడాదిపాటు ఎవరూ సరిచూడని పాఠాన్ని ప్రధాన సూచిక నుంచి తీసి పాత సంపుటంలోకి చేర్చాలి. రాసినవారు నొచ్చుకుంటారని సందేహించరాదు. వంద పాత పాఠాల కన్నా పది సరైన పాఠాలు మేలు.

మౌనంగా పరీక్ష

పాఠం సిద్ధమైందని తేల్చాల్సింది రచయిత కాదు, దానిని ఎన్నడూ చేయనివాడు. అతనికి పాఠం ఇచ్చి, రచయిత పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడాలి. అతను ఎక్కడ ఆగితే అక్కడ పాఠంలో వాక్యం లోపించిందని అర్థం. ఈ పరీక్షకు ఖర్చు లేదు. ఓర్పు మాత్రం కావాలి.

మనవారు రాయవలసినవి

తెలుగు వికీపీడియా 2003లో మొదలైనప్పటి నుంచి సమష్టి రచన మనకు కొత్త కాదు. ఇంటి ఆటోమేషన్‌లోనూ ఇక్కడివారే రాయగల పాఠాలు కొన్ని ఉన్నాయి. కరెంటు తరచూ పోయే చోట చిన్న కంప్యూటరులోని మెమొరీ కార్డు చెడిపోయే అవకాశం ఉంది. దానిని ఇన్వర్టర్‌కు కలపడం ఎలాగో, బ్యాకప్‌ను వేరేచోట దాచడం ఎలాగో, బ్యాకప్ తెరిచే రహస్య సంకేతాన్ని కాగితంపై ఎందుకు భద్రపరచాలో చెప్పాలి. కరెంటు తిరిగి రాగానే అర్ధరాత్రి దీపాలన్నీ ఒక్కసారిగా వెలగకుండా ఏ అమరిక మార్చాలో చెప్పాలి.

విదేశాల్లోని బంధువులు తెచ్చే పరికరాల సంగతి మరొకటి. జీ-వేవ్ రకం పరికరాలు అమెరికాలో 908.42 మెగాహెర్ట్జ్‌పై, మన దేశంలో 865.2 మెగాహెర్ట్జ్‌పై పనిచేస్తాయి. అక్కడ కొన్నది ఇక్కడి కేంద్ర పరికరంతో మాట్లాడదు. జిగ్‌బీ రకం పరికరాలు సాధారణంగా అన్ని దేశాల్లోనూ 2.4 గిగాహెర్ట్జ్‌పైనే నడుస్తాయి కనుక వాటికి ఈ చిక్కు లేదు. ఈ నాలుగు వాక్యాలు ముందే తెలుగులో ఉంటే ఎందరికో వేల రూపాయలు మిగులుతాయి.

భాష విషయంలోనూ నియమం అవసరం. తెరపై కనిపించే మాటను ఉన్నదున్నట్లు రాసి, మొదటిసారి మాత్రమే దాని అర్థం చెప్పాలి. ఒక్కో రచయిత ఒక్కో కొత్త పదం సృష్టిస్తే చదివేవాడికి మరో నిఘంటువు కావలసివస్తుంది.

ఇల్లు నడిపే ఏర్పాటు చేసినవాడు ఉద్యోగరీత్యా దూరంగా ఉన్నప్పుడు ఇంట్లోని తల్లిదండ్రులు చీకట్లో ఉండిపోరాదు. మామూలు స్విచ్‌తోనూ దీపం వెలిగేలా ఉంచడం, ఏది ఆగితే ఏమి చేయాలో ఒక పేజీలో రాసి స్విచ్‌బోర్డు పక్కన అంటించడం ప్రారంభ సంపుటంలో చివరి పాఠం కావాలి. ఆ పేజీని చూసి ఇంట్లోని పెద్దవారు ఎవరి సాయమూ లేకుండా దీపం వెలిగించుకోగలిగితే కూర్పు ఫలించినట్లే.